మొహమాటం లేని ప్రశ్న

వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్క కాయనూ తిప్పి చూస్తాం. చీర కొంటే కొంగు దాకా విప్పించి చూస్తాం. మరి పిల్లను ఏడాదిపాటు ఉంచబోయే గది దగ్గరికి వచ్చేసరికి మన నోరెందుకు పడిపోతుందో!

మా అన్నయ్యవాళ్ళది వెలుగోడు. వాళ్ళమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు పరీక్షలకు చదువుతానని నంద్యాల బయల్దేరింది. బ్యాంకు కోచింగుకు నంద్యాల పెట్టింది పేరు కదా! ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి, నలుగురేసి ఒక గది బాడుగకు తీసుకుని చదువుకుంటారు. అటువంటి ఇంట్లో ఒక మంచం ఖాళీ ఉందని తెలిసి, వదినా నేనూ పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాం.

బస్సులోనే ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకున్నాను. నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి? స్నానాలగది ఎందరికి ఒకటి? తలుపులకు గడియలు సరిగా పడతాయా? కరెంటు బిల్లు ఎట్లా పంచుకుంటారు? మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు? గదిలో ఉన్న అమ్మాయిలు రాత్రి ఎన్నింటికి లైటు తీసేస్తారు?

ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. “మీరేమోళ్ళమ్మా?”

వదిన చెప్పింది.

“అట్లనా! మేమూ వాళ్ళమే!” అందావిడ. వదిన మొహం చేటంత అయింది. ఇద్దరూ చుట్టరికాలు తవ్వుకోవడంలో గంట గడిచింది. నేను కాగితం తీయబోతే వదిన మోచేత్తో పొడిచింది. “మనవాళ్ళే గదా! ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారు?”

నేనూ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

వారం తిరక్కుండా ఫోను. “అత్తా, స్నానాలగదికి గడియ లేదు. ఒకరం లోపలుంటే ఇంకొకరం బయట కాపలా. ఇంటాయన కొడుకు మోటారు వేస్తానంటూ ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తాడు.” నా గుండె గతుక్కుమంది. కులం కలిసింది గానీ గడియ మాత్రం పడలేదు!

గడియ ఉందా అని అడగడానికి మనకు మొహమాటం. కులమేదని అడగడానికి ఆవిడకు లేదు, చెప్పడానికి మనకూ లేదు. ఇదెక్కడి మర్యాద? పైగా ఆ ప్రశ్నకు వేరే జవాబు చెప్పి, “ఖాళీ లేదమ్మా” అనిపించుకుని వెనుదిరిగిన పిల్లలెందరో! మాకు నిశ్చింతనిచ్చిన ప్రశ్నే ఇంకొక తల్లికి అవమానమై ఉండదూ?

అన్నీ అడిగి రాసుకుంటే ఆత్మీయత చెడుతుందంటారా? మా వెలుగోడు జలాశయాన్నే చూడండి. అక్కడ నిలిచే తెలుగుగంగ నీళ్ళు చెన్నై దాకా వెళతాయి. మద్రాసు దాహం తీర్చడానికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఒప్పందంలో జూలై నుంచి అక్టోబరు వరకు 8, జనవరి నుంచి ఏప్రిల్ వరకు 4 టీఎంసీలని నెలలతో సహా రాసుకున్నారు. నీళ్ళిచ్చే రాష్ట్రానికీ పుచ్చుకునే రాష్ట్రానికీ లేని మొహమాటం మనకెందుకు? కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా, నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదనీ, ఇంటివాళ్ళు లోపలికి రావాలంటే 24 గంటల ముందే తెలియజేయాలనీ ఉంది.

మా పిల్ల గది మారింది. ఈసారి నా కాగితం పట్టుకుని తనే వెళ్ళింది. అయితే దాని ప్రశ్నలు మొదలుకాకముందే, గదిలో ఉన్న ఆత్మకూరు ముస్లిం అమ్మాయి అడిగిందట: “నువ్వు పైకి చదువుతావా, మనసులో చదువుకుంటావా?” మా పిల్ల తెల్లబోయింది. తనతో ఉండబోయేవాళ్ళకు తనెట్లాంటిదో చెప్పాలని నా కాగితంలో లేదు మరి! ఆ అమ్మాయి తెల్లవారుజామున నమాజుకు లేస్తూ, చదువుకోమని మా పిల్లనూ లేపుతోందట.

మొన్న వదిన ఫోనులో ఉండబట్టలేక అడిగింది. “ఇంతకూ ఆ ఇంటివాళ్ళు ఏమోళ్ళే?”

“స్నానాలగదికి గడియ ఉన్నోళ్ళమ్మా!” అంది పిల్ల.