అనేకత్వమునందలి ఏకత్వము – శరీరి స్థానమెవరిది?

భిన్నత్వములో ఏకత్వమను మాట భారతదేశమున వినని వారుండరు. పాఠ్యపుస్తకములలోను, పండుగనాటి ఉపన్యాసములలోను అది తప్పక వినవచ్చును. అయితే ఆ మాటకు రెండర్థములు కలవు. భేదములు పైపైన తోచునవే, లోపలనున్నది ఒక్కటే, కావున అవి క్రమముగా కరిగిపోవలెననుట మొదటిది. భేదములు సత్యములే, అవి నిలిచియుండగనే ఏకత్వము సిద్ధించుననుట రెండవది. వినుటకు రెండును ఒకే తీరుగనున్నను, ఆచరణలో వీనికి చాల దూరము కలదు. ప్రజలు తమ్ము తామే పాలించుకొనదలచిన దేశము ఈ రెండింటిలో దేనిని స్వీకరింపవలెనన్నది ప్రశ్న.

శ్రీవైష్ణవ సంప్రదాయమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చేతనాచేతనములన్నియు ఈశ్వరునకు శరీరమనియు, ఈశ్వరుడు వానికి శరీరియనియు భగవద్రామానుజులు ప్రతిపాదించిరి. ఈ సిద్ధాంతమున శరీరము మిథ్య కాదు, అందలి అవయవముల భేదమును మిథ్య కాదు. కన్ను చెవి కాదు, చెవి కన్ను కాజాలదు. కన్నును చెవిగా మార్చినచో దేహమునకు అంధత్వమేగాని ఐక్యము కలుగదు. శరీరమునకును శరీరికిని గల సంబంధమును అపృథక్సిద్ధియని పెద్దలు వ్యవహరింతురు. భేదము నశించుట కాదు, విడదీయరాకుండుటయే అచ్చట ఏకత్వము.

దీనికి ప్రత్యక్ష నిదర్శనము తిరుమల క్షేత్రమే. ఆలయకుడ్యములపై శాసనములు అధికభాగము తమిళములోనున్నవి. వాని నడుమ తెలుగు, కన్నడ, సంస్కృత శాసనములును కలవు. 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు స్వామిని సేవించిన శ్రీకృష్ణదేవరాయలు తన కానుకలను ఒక్క భాషలో కాక తమిళ, తెలుగు, కన్నడములలో చెక్కించెను. సుప్రభాతము సంస్కృతము. ధనుర్మాసమున ఆ సుప్రభాతమే తిరుప్పావైకి చోటిచ్చి తొలగును. అన్నమాచార్యుల సంకీర్తనములు తెలుగు, పురందరదాసుల పదములు కన్నడము. 1843 నుండి 1933 వరకు ఈ ఆలయమును నిర్వహించిన హాథీరాంజీ మఠము ఉత్తరదేశమునుండి వచ్చిన వైరాగుల పరంపరకు చెందినది. ఈ భాషలలో ఏ యొక్కటి తక్కిన వానిని వెడలగొట్టినను స్వామికి లోటు లేదు, లోటు భక్తులకే.

ఆలయమున ఇంత సులభముగా కుదిరినది రాజ్యవ్యవహారమున అంత సులభముగా కుదురలేదు. పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై 1952 డిసెంబరు 15న అసువులు బాసిన తరువాతనే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. సరిహద్దు తగవులు మరికొన్నేండ్లు సాగి, 1960లో తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయెను. అయినను శ్రీవిల్లిపుత్తూరునుండి ఆండాళ్ ధరించిన మాల గరుడసేవకు తిరుమల చేరుచునే యున్నది. చెన్నపురినుండి గొడుగులు వచ్చుచునే యున్నవి. పురటాసి మాసమున తమిళ యాత్రికులు కాలినడకన కొండకు వచ్చుటయు మానలేదు. భూమిపై గీచిన గీత ఇచ్చట ఎవరిని వేరుచేయలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము తెలుగువారి చరిత్రలోనే యున్నది. 1956 నవంబరు 1న ఒకే భాష గల రెండు ప్రాంతములు ఆంధ్రప్రదేశముగా కలిసినవి. ఆ కలయికకు పూర్వము, ఆ యేటి ఫిబ్రవరిలో, తెలంగాణమునకు కొన్ని రక్షణలను వాగ్దానము చేయుచు పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. అవి అమలు కాలేదని తెలంగాణము వాపోయెను. 1969లో ఉద్యమము చెలరేగినది. 1972లో ఆంధ్రప్రాంతమును తన ఫిర్యాదులతో లేచినది. నీళ్లు, నిధులు, నియామకములు అను మూడు మాటలతో మరల సాగిన ఉద్యమము 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రావతరణతో ముగిసినది. తప్పెవరిదని నిర్ణయించుట ఈ వ్యాసమునకు మించిన పని. కాని ఒక విషయము మాత్రము స్పష్టము. భాష వేరైనవారు ఒక్క గొడుగు క్రింద నిలువగలిగిరి, భాష ఒక్కటైనవారు ఒక్క రాష్ట్రమున నిలువజాలకపోయిరి. తన మాటకు విలువ లేదని, తనకు లెక్క చెప్పువారు లేరని ఒక ప్రాంతము తలచినప్పుడు, సాదృశ్యము దానిని పట్టి నిలుపలేదు. కావున ఐక్యమను ప్రశ్న తుదకు పాలనలో పాలెవరిది, లెక్క ఎవరు చెప్పవలెనను ప్రశ్నయే యగుచున్నది.

ఈ లెక్క చెప్పుట యను ధర్మమును పూర్వులొకచోట రాతిపై చెక్కి యుంచిరి. కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరులో వైకుంఠపెరుమాళ్ కోవెల గోడలపై మొదటి పరాంతకచోళుని కాలమునాటి శాసనములు రెండు కలవు. ఊరిని 30 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునుండి యోగ్యుల పేర్లను తాటియాకులపై వ్రాసి కుండలో వేయుదురు. లోపలనేమున్నదో యెరుగని బాలుడు ఒక యాకును తీయును. అర్చకుడు అయిదు వ్రేళ్లు చాచిన అరచేతితో దానిని అందుకొని చదువును. అక్కడి అర్చకులందరును దానిని మరల చదువుదురు. అరచేయి చాచవలెనన్న నియమము వెనుక మనుష్యస్వభావముపై ఎంతటి అనుమానము కలదో గమనింపదగును! చెరువులకు, తోటలకు, బంగారపు పరీక్షకు వేరువేరు ఉపసంఘములు. వాని గడువు 360 దినములు. ఇదివరకు పదవి నడపి లెక్క అప్పగింపని వానికి మరల అర్హత లేదు. వానికి మాత్రమే కాదు, వాని సోదరులకు, మేనమామకు, మామగారికి, ఇంకను పలువురు బంధువులకు లేదు. 919లో చేసిన కట్టుబాటును 921లోనే సవరించుకొనిరి. వయోనియమము 30–60 ఏండ్లనుండి 35–70కి మారినది. రెండేండ్లలోనే తమ నియమము చాలలేదని గ్రహించి దిద్దుకొనుటకు సిగ్గుపడని సభ అది.

అయితే దానిని నేటి ప్రజాస్వామ్యమనుట పొరపాటు. భూమియు, వేదాధ్యయనమును గల బ్రాహ్మణ గృహస్థులకే అందు ప్రవేశము. స్త్రీలకు, దున్నిన రైతులకు, కూలివారికి ఆ కుండలో ఆకు లేదు. వయోజనులందరికి ఓటునిచ్చి ఆ కుండను విశాలము చేసినది 1950 నాటి రాజ్యాంగము. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణము గ్రామసభను గుర్తించి, పంచాయతీలకు అయిదేండ్లకొకమారు ఎన్నికలు విధించి, మూడవవంతుకు తగ్గకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. కాని కుండ విశాలమైనంతనే ఆకు తీయుట జరుగదు గదా! ఆంధ్రప్రదేశమున 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరుగలేదు. అంతవరకు ప్రత్యేకాధికారులు పాలించిరి. ఉత్తరమేరూరు లెక్కన అది రెండు గడువులకు మించిన కాలము.

ఇచ్చట శరీరశరీరి దృష్టాంతములోని ప్రమాదమును చెప్పక తప్పదు. దేశము ఒక శరీరమనినంతనే, దానికి ఆత్మయెవరను ప్రశ్న వచ్చును. సిద్ధాంతమున ఆ స్థానము భగవంతునిది. అది మనుష్యమాత్రునికి చెందదు. 1975 జూన్ 25న ఆంతరంగిక కల్లోలము కారణముగా అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. పత్రికలకు ముందుగా పరిశీలన విధించిరి. విచారణ లేకయే పెక్కుమందిని నిర్బంధించిరి. లోకసభ గడువును పొడిగించిరి. దేశమును, ప్రధానమంత్రిని ఒక్కటిగా పలికిన నినాదమును ఆనాటి పాలకపక్షాధ్యక్షుడే ప్రచారము చేసెను. ఒక అవయవము శరీరిగా చెప్పబడిన సందర్భమది. ఐక్యమునకు ముప్పు వచ్చినదను మాటయే అప్పుడు నోరు మూయుటకు కారణముగా చూపబడినది. 1977 మార్చిలో ఎన్నికలు జరిగి ప్రజలు తమ తీర్పు చెప్పిరి. మరుసటి యేడు 44వ సవరణము ‘ఆంతరంగిక కల్లోలము’ అను మాటను తొలగించి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చినది. ఉత్తరమేరూరు సభ వలెనే, పార్లమెంటును తన నియమమును తానే దిద్దుకొనినది.

పాలకుడు అవయవమే యని గుర్తుచేయు చిన్న నియమములు రాజ్యాంగమున మరికొన్ని కలవు. లోకసభాధ్యక్షుడు మొదట ఓటు వేయరాదు. ఇరుపక్షములు సమానమైనప్పుడు మాత్రమే వేయవలెను. 1956 నుండి 1962 వరకు ఆ పీఠముపై కూర్చున్న అనంతశయనం అయ్యంగారు తిరుచానూరువారు. అలమేలుమంగ సన్నిధిలో పుట్టిన వైష్ణవుడొకరు, తన పక్షమునకు అధిక బలమున్న సభలో, తన ఓటును అట్లు ఆపుకొని కూర్చుండవలసి వచ్చెను.

ఉత్తరమేరూరునుండి కాంచీపురము ఎంతో దూరము లేదు. అచ్చటి వరదరాజస్వామి సన్నిధిలో ప్రబంధగోష్ఠికి ముందు ఏ తనియనును పఠింపవలెనను విషయమై వడకలై, తెంకలై సంప్రదాయములవారు పందొమ్మిదవ శతాబ్దమునుండి న్యాయస్థానముల మెట్లెక్కుచున్నారు. ఇరువురును రామానుజులనే ఆచార్యులుగా తలచువారు. ఇరువురును ఆ ఆళ్వారుల పాశురములనే చదువువారు. తగవంతయు వానికి ముందు వచ్చు ఒక్క శ్లోకముతోనే.