అన్న వరస

ఫోటోలు నాకు కూడు పెట్టవు. బ్యాంకులో కూడికలు, తీసివేతలతో పొద్దుపుచ్చే మనిషిని. ఇంట్లో కెమెరా ఉందన్న ఒక్క కారణానికి మా చెల్లెలు ఏటా ఏప్రిల్లో ఫోన్ చేస్తుంది: "అన్నయ్యా, ఐదో తరగతి వాళ్లు వెళ్లిపోతున్నారు. ఓ పూట సెలవు పెట్టి రారాదూ?" తను పంతులమ్మగా ఉన్నది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో. ఇద్దరు టీచర్లు, 34 మంది పిల్లలు.

ఒంటిపూట బడులు కాబట్టి ఎనిమిదింటికల్లా అక్కడుంటాను. మొదటి ఏడు తెలియక వేపచెట్టు కింద నిలబెట్టాను. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ అందరి మొహాల మీదా మచ్చలు పెట్టింది. అప్పట్నుంచీ పడమటి గోడ నీడే నా స్టూడియో. ముందు జంపఖానా మీద చిన్నవాళ్లు, వెనక టీచర్ల కుర్చీలకు అటూ ఇటూ మూడో తరగతి, ఆ వెనక బల్లలెక్కిన పెద్దవాళ్లు. మూడు వరసలూ స్పష్టంగా రావాలని ఎఫ్8 పెడతాను. కదలకుండా ఉండే పిల్లలు లేరు గనక షట్టర్ సెకనులో 250వ వంతు మాత్రమే తెరుచుకునేలా చూసుకుంటాను.

అక్కడి దాకా నా చేతిలో పని. ఆ తర్వాతంతా వాళ్ల దయ. ఒకడు పక్కవాణ్ని గిల్లుతాడు. ముందు పళ్లు ఊడిన పిల్ల నోరు తెరవకుండా నవ్వడానికి అవస్థ పడుతుంది. "ఇటు చూడండర్రా" అంటే సగం మంది నన్ను చూస్తారు, సగం మంది చూడనివాణ్ని చూస్తారు. ఎవరో ఒకరు సరిగ్గా అప్పుడే రెప్ప వేస్తారు.

ఈ రెప్పపాటుకీ లెక్క కట్టినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్‌ఓ పరిశోధన సంస్థకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్‌లకు ఇందుకే 2006లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. వాళ్ల సూత్రం సులువే. 20 మంది లోపైతే, వెలుతురు బాగుంటే, తలలు లెక్కపెట్టి మూడుతో భాగించు. అన్ని ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్లూ తెరిచి ఉంటాయి, దాదాపుగా. 50 మంది దాటితే ఇక ఆశ వదులుకోవడమే. మా 34 మంది అటూ ఇటూ కాని లెక్క. పదిహేను తీసి దేవుడికి దండం పెట్టుకుంటాను.

కిందటేడు తొమ్మిదో ఫోటో దాదాపు బంగారంలా వచ్చింది. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. ముందు వరసలో ఒకటో తరగతి బుడ్డోడు మాత్రం మెడ పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. ఒక చెవి, నూనె రాసి దువ్విన వెనక తల తప్ప వాడిది ఇంకేమీ కనబడదు. వాడి మొహం తిన్నగా దొరికింది నాలుగోదాంట్లోనే. అందులో ముగ్గురు రెప్పలేశారు, ఒకత్తి ఆవులించింది.

ఇప్పుడు ఈమాత్రానికి దిగులు పడక్కర్లేదు. రెండు మూడు ఫోటోల్లోంచి మంచి మొహాలు ఏరి ఒకదాంట్లో కూర్చే సౌకర్యం 2023లో పిక్సెల్ 8 ఫోన్లోనే వచ్చేసింది. నేను కంప్యూటర్లో అదే పని చేశాను. నాలుగోదాంట్లోని మొహం తెచ్చి తొమ్మిదోదాంట్లో అతికించాను. అతుకు నాకే కనబడలేదు. కాసేపు మురిసిపోయాను.

తర్వాత ఎక్కడో ఏదో కుదరలేదనిపించింది. చివరి వరసలో ఐదో తరగతి కుర్రాడొకడు తల కాస్త వంచి, కిందికి చూసి నవ్వుతున్నాడు. దేనికో తెలియదు. అసలు ఫోటో పక్కన పెట్టుకుంటే తెలిసింది. బుడ్డోడు మెడ తిప్పింది వాడి కోసమే. చెల్లెలికి ఫోన్ చేశాను.

"వాళ్లన్నదమ్ములు అన్నయ్యా. వాణ్ని రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. నువ్వేమో పొడుగూ పొట్టీ చూసి ఒకణ్ని ముందూ, ఒకణ్ని వెనకా పెట్టావు."

ఒక తల సరిచేశాననుకున్నాను గానీ, ఒక నవ్వుకి దిక్కు లేకుండా చేశాను.

బాగున్న మొహాలన్నీ కూడితే గ్రూప్ ఫోటో అవుతుందనుకోవడం నా ఉద్యోగం నేర్పిన తప్పేమో. మొహాల మధ్య తిరిగే చూపులు కూడికకు అందవు. వరస అనే మాటకి మన భాషలో ఇంకో అర్థమూ ఉందన్న సంగతి నాకప్పుడే గుర్తొచ్చింది. నేను పెట్టింది ఎత్తుల వరస. వాడు వెతుక్కున్నది అన్న వరస. ఆ సెకనులో 250వ వంతులో నిజంగా ఎవరి చోట వాళ్లున్నది ఏ వరసలో?

మరి వాళ్లమ్మకి పిల్లాడి మొహం కనబడొద్దా? కనబడాలి. అందుకే ఆ ఇంటికి నాలుగోదీ తొమ్మిదోదీ, రెండు ప్రింట్లూ ఇచ్చాను. బడి గోడకి మాత్రం తొమ్మిదోదే, వెనక తలతో సహా. అతికించినదాన్ని చెరిపేశాను.

ఈ ఏడూ వెళ్లాను. అన్న ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్లిపోయాడు. తమ్ముడు రెండో తరగతి, మళ్లీ ముందు వరసే. పదిహేను ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ మెడ తిప్పలేదు. చేతులు కట్టుకుని తిన్నగా నన్నే చూస్తూ కూర్చున్నాడు.

అతికించే పనే పడలేదు.