పోగు తెగితే ఆపేదెవరు?

మానేరు వంతెనకు అటు సిరిసిల్ల, ఇటు తంగళ్ళపల్లి. ఆ వైపు మరమగ్గాలను సాంచాలంటారు. కరెంటు ఉన్నంతసేపూ వాటికి అలుపు లేదు. కానీ పోగు తెగిందనుకోండి, నేతపని చేసే మనిషి మగ్గం ఆపుతాడు. తెగిన కొసలు వెతికి ముడివేస్తాడు. మళ్ళీ నడిపిస్తాడు. ఒక్క పోగేగా, పోతే పోనీలే అనుకుంటే గుడ్డలో తప్పు పడుతుందని అతనికి తెలుసు.

బడిలోకి వస్తున్న యంత్రాల సంగతి ఎవరెత్తినా నాకు ఈ పోగే గుర్తొస్తుంది.

పూర్వం తరగతిలో పంతులుగారు మధ్యన, పిల్లలు చుట్టూ. ఇప్పుడు చదువుకు పిల్లవాడే కేంద్రం కావాలంటున్నారు. చాలా మంచిమాట. కానీ పంతులుగారు జరిగిన చోట పిల్లవాడిని కాక టీవీని కూర్చోబెడితే ఏం మారినట్టు?

ఈ ముచ్చట నిన్నమొన్నటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్ళ ఉపగ్రహం సాయంతో, మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. సైట్ అని దానికి పేరు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఆకాశం నుంచి పాఠం దిగింది సరే, పిల్లవాడి సందేహం పైకెక్కే దారి మాత్రం అందులో లేదు.

కరోనాకు బడులు మూతపడ్డప్పుడు, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు చెప్పారు. అసలేమీ లేకపోవడం కన్నా అది ఎంతో మేలు, కాదనను. కానీ ఒక ఇల్లు ఊహించుకోండి. తల్లి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. టీవీలో భిన్నాల లెక్కలు. రెండో లెక్క దగ్గర పిల్లకు పోగు తెగింది. “అమ్మా, గిది ఎట్లొచ్చింది?” అంది. “చూడు బిడ్డా, సారు మల్ల చెప్తడేమో” అంది తల్లి. సారు మూడో లెక్కలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు యంత్రాలు మారాయి. 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’ పథకంలో డిజిటల్ సౌకర్యాలు కూడా ఒక భాగం. తెర మీది పాఠాన్ని ఇప్పుడు ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. మరి ఆపమని అడిగే హక్కు ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నలభైమందిలో ఒక్క పిల్ల కోసం పాఠం ఆపడం న్యాయమేనా? మిగతా ముప్ఫైతొమ్మిదిమందికీ తల్లులున్నారు కదా! “మావాడి టైము పాడైపోతోంది” అని వాళ్ళనుకుంటే తప్పుపట్టగలమా? లేము. అయితే అడిగింది ఒక్కరే గానీ, తెలియనిది ఒక్కరికేనా? ఎవరైనా అడిగితే బాగుణ్ణని తలవంచుకు కూర్చున్నవాళ్ళు ఎందరో! అందులో ఆడపిల్లలు ఇంకెందరో! పైగా తెలిసిన పిల్లవాడు పక్కవాడికి చెప్పబోతేనే తనకెంత తెలుసో తేలుతుంది.

నిజానికి అందరినీ ఆపక్కర్లేకుండా చెయ్యడంలోనే యంత్రం గొప్పతనం ఉంది. తెర మీది లెక్కలు మిగతావాళ్ళు చేసుకుంటూ ఉంటే, పంతులమ్మ వెళ్ళి ఆ ఒక్క పిల్ల పక్కన కూర్చోవచ్చు. చెప్పిందే చెప్పే బరువు కొంత యంత్రం మోస్తే, ముడివేయడానికి ఆమె చేతులు ఖాళీ అవుతాయి. అలా కాక, తెర వెలిగించి ఆవిడ రిజిస్టర్లు రాసుకోవాల్సి వస్తే, ఎంత ఖరీదైన తెరైనా అది గోడకు అలంకారమే.

బడి నుంచి వచ్చిన పిల్లల్ని “ఇవాళ ఏం చూపించారు?” అని అడుగుతుంటాం. రేపటి నుంచి, పాలగ్లాసు చేతికిస్తూ, ఇంకో ప్రశ్న అడిగి చూడండి: “ఇవాళ నువ్వేం అడిగావురా? అడిగితే ఎవరైనా ఆగారా?”