గినీపిగ్ కావాలంటే

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఫ్లాట్లలో పిల్లలు గినీపిగ్ కావాలని మారాం చేస్తున్నారా? కొంటే రెండు కొనండి, రెండూ ఆడవో, రెండూ మగవో. ఒంటరిగా ఉంటే దిగులుపడతాయి. ఆడా మగా కలిపితే రెండు నెలలు దాటగానే పిల్లలే పిల్లలు!

మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. సరూర్‌నగర్ రైతుబజార్లో కూరలతోపాటు ఒక కాప్సికం ఎక్కువ తీసుకోండి. అసలు మేత మాత్రం ఎండుగడ్డే. ఆగకుండా పెరిగే పళ్లు అరిగేది దాన్ని నమిలితేనే. ముద్దుకైనా సరే, చపాతీ ముక్కలు పెట్టకండి.

ఆండీస్ కొండల చలిప్రాంతం వాటి పుట్టిల్లు. చెమట పట్టని ప్రాణులు. మే నెలలో బాల్కనీ రేకుల కింద ఉంచితే వడదెబ్బే. ఇంట్లో చల్లని మూల చూడండి. పెళ్లికో పండక్కో ఊరెళ్తే ఎవరు చూసుకుంటారో, కొనకముందే పక్కింటి పిన్నిగారిని అడిగి పెట్టుకోండి.