ఓటునకు చాటేల?

ధర్మకార్యమును పదుగురి యెదుట చేయవచ్చును, పాపకార్యమునకే చాటు కావలెను అని లోకమున ఒక నమ్మకము కలదు. ఓటు వేయుట ధర్మకార్యమే యైనచో దానిని తెర వెనుక ఏల వేయవలెను? ఇది చమత్కారమునకు వేసిన ప్రశ్న కాదు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ప్రాతినిధ్య ప్రభుత్వమును గూర్చి 1861లో వెలువరించిన గ్రంథమున దీనిని విచారించెను. ఓటు మనుజుని సొంత ఆస్తి కాదు, లోకహితమునకై అతని చేతికి అప్పగించిన నిక్షేపము. కావున లోకము చూచుచుండగా దానిని వినియోగించుటయే సాధారణముగా న్యాయమని ఆయన అభిప్రాయము.

ఓటు నిక్షేపమనుట సత్యమే. కాని లోకము చూచుట యనగా ఎవరు చూచుట? పొలము కౌలుకిచ్చిన భూస్వామి చూచును. అప్పిచ్చిన షావుకారు చూచును. కూలియిచ్చు యజమాని చూచును. ఆ చూపుల నడుమ చేయి యెత్తిన పేదవాని ఓటు వానిది కానేరదు. ఈ కారణముననే ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1856లోను, బ్రిటన్ 1872లోను రహస్య ఓటును శాసనము చేసినవి.

మన దేశమున 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెను. దానిపై గుర్తు అతికించి యుండెడిది. అక్షరము రానివారు సైతము తెర చాటున తమకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితము వేసి వచ్చిరి. అయితే ఆ కాగితముపై ఓటరు ముద్ర వేయవలసిన పని లేదు గనుక, దానిని పెట్టెలో వేయక బయటికి తెచ్చి అమ్ముకొనుటకు వీలుండెను. 1962 సాధారణ ఎన్నికల నాటికి అందరి పేర్లును గుర్తులును గల ఒకే కాగితముపై ముద్ర వేయు పద్ధతి దాదాపు దేశమంతట వచ్చెను. కేరళలోని పరవూరులో 1982లో 50 పోలింగు కేంద్రములలో యంత్రమును వాడిరి. చట్టమున దానికి చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పగా, 1988లో చట్టమును సవరించిరి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతట యంత్రములే నిలిచినవి. 2019 లోక్‌సభ ఎన్నికలలో అన్ని కేంద్రములందును ఓటు చీటీని చూపు యంత్రము సైతము చేరెను. ఆ చీటీ అద్దము వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోవును. ఓటరు చేతికి మాత్రము రాదు. చేతికి వచ్చినచో అది కొనువానికి చూపు రసీదు కాగలదు.

చాటు సడలిన చోట్లును కలవు. చూపులేనివారు 18 ఏండ్లు నిండిన ఒక తోడును లోనికి తీసికొని పోవచ్చును. ఆ తోడు రహస్యమును కాపాడుదునని వ్రాసి యీయవలెను, ఆనాడు మరియొకరికి తోడుగా రారాదు. 2024 లోక్‌సభ ఎన్నికలలో 85 ఏండ్లు పైబడినవారి యింటికే సిబ్బంది వెళ్లి ఓటు స్వీకరించిరి. సైనికులు తపాలా ద్వారా గాని, 2003 నుండి తాము నియమించిన ప్రతినిధి ద్వారా గాని ఓటు వేయవచ్చును. ఈ పద్ధతులన్నియు ఒకరి నిజాయతీపై మరియొకరు ఆనుకొని నిలిచినవే.

రాజ్యసభ ఎన్నికలో మాత్రము 2003 నుండి శాసనసభ్యుడు తాను గుర్తించిన కాగితమును తన పార్టీ ఏజెంటుకు చూపవలెను. సుప్రీంకోర్టు 2006లో దీనిని సమర్థించెను. అతని ఓటు ప్రజలు ఇచ్చిన ఓట్ల వలన వచ్చినది గనుక అతడు జవాబుదారి యనుట సబబే. బలహీనునికి కవచమైన చాటు అధికారమున్నవానికి ముసుగు కాగలదు. అయినను అతడు చూపునది పార్టీకే గాని ప్రజలకు కాదు. రాష్ట్రపతి ఎన్నికలో ఆ శాసనసభ్యుడే రహస్యముగా ఓటు వేయును. కావున మిల్ కోరిన వెలుగు ఇక్కడను పూర్తిగా లేదు.

ఇక మిక్కిలి చిక్కైన ప్రశ్న యొకటి మిగిలినది. డబ్బు పుచ్చుకొని, దేవుని పటముపై ప్రమాణము చేసి, లోనికి పోయి మరియొకరికి ఓటు వేసినవాడు మాట తప్పిన దోషియా? చట్టము దృష్టిలో ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును అపరాధులే. ధర్మము దృష్టిలోను పుచ్చుకొనుటయే తొలి తప్పు. పరుల నిక్షేపమును అమ్ముదునని చేసిన ప్రమాణము నిక్షేపమును అమ్ముటకు హక్కునీయదు. దొంగసొత్తును పంచుకొందమని చేసిన ఒడంబడికను నెరవేర్చుట సత్యవ్రతము కానట్లే, అమ్ముడైన ఓటును అప్పగించుటయు సత్యవ్రతము కాదు, అది రెండవ తప్పు. అట్లని ఇద్దరి వద్దను పుచ్చుకొని మూడవవానికి వేయుట నేర్పరితనమును కాదు. ఆ ధనము తరువాత ఐదేండ్లు ప్రజల పనులనుండియే వసూలగును. ధనమును తిరస్కరించినవానికి మాత్రమే ఏ ప్రమాణపు చిక్కును లేదు.

చట్టము తెర కట్టి భూస్వామిని, షావుకారును, పార్టీవానిని వెలుపల నిలుపగలదు. ఓటరు అంతఃకరణమును మాత్రము వెలుపల నిలుపజాలదు. ఆ చాటున చూచునది అదొక్కటే గనుక, ఓటునకు చాటు దోషము కాదు.