పేరు చెప్పి విడిచిన నీళ్లు

పెత్రమాస పొద్దున బీర్కూర్ దగ్గర మంజీర ఒడ్డున నిలబడితే నది పొడుగునా పేర్లు వినిపిస్తాయి. మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డవాళ్లు దోసిట్లోకి నువ్వులూ నీళ్లూ తీసుకుని, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. పిలిచి, బొటనవేలి పక్క నుంచి మెల్లగా నీళ్లు విడుస్తారు. తాత పేరు ఒకటి, తల్లి పేరు ఒకటి, పాలు మరవకముందే పోయిన పసిదాని పేరు ఒకటి. బాలాఘాట్ కొండల్లో పుట్టి మూడు రాష్ట్రాల మట్టి మోసుకొచ్చిన మంజీరమ్మ, ఏ పేరు ఎవరిదని అడగదు. అన్నిటినీ కొంగున మూటగట్టుకుని కందకుర్తి దాకా నడిచి గోదారి ఒళ్లో పోస్తుంది.

స్వామీ, తిమ్మాపూర్ వెంకన్నా, ఎంత పచ్చదనం పరిచావయ్యా మా ముందర! నిజాంసాగర్ తూముల్లో బయల్దేరిన నీరు పెద్దకాలువై, పిల్లకాలువై, బోదెయై, చివరికి మడిలో వేలెడు లోతు వెలుగై నిలిచింది. వరి పొట్టకొచ్చిన రోజులివి. ఆకుతొడుగు మాటున వెన్ను ముడుచుకుని పడుకుంటుంది, నిండు నెలల కడుపులో బిడ్డలాగా. ఈ రోజుల్లో చేనుగట్టున నడిస్తే మా అమ్మ గొంతు తగ్గించి మాట్లాడేది. ఎందుకే అంటే, ‘నీళ్లాడే మనిషి ముందర అరుస్తరా?’ అనేది.

ఆ సాగరం పని 1923లో మొదలై 1931లో ముగిసింది. అదే ఏడాది నవంబరులో, సముద్రాల అవతల ఫ్రాన్సులోని నీస్ నగరంలో, ఇస్తాంబుల్‌లో పుట్టిన ఉస్మానీ సుల్తానుల ఇంటిపిల్ల, పదిహేనేళ్ల నిలోఫర్, మన నిజాం రెండో కొడుకు మొజం జాను పెళ్లాడింది. మంజీరకు కట్ట వేయించిన మీర్ ఉస్మాన్ అలీ ఖానే ఆమెకు మామ. అందం గురించి లోకమంతా చెప్పుకుంది; అది చెప్పుకోనీ. నన్ను ఆపేది వేరే. ఆమె ఒడి నిండలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాడు ఆ రాజకుమారి నర్సు పని నేర్చుకుని సాయానికి దిగింది. ఆ తర్వాత 1949లో, ఆమె దగ్గర పనిచేసే రఫత్ ప్రసవంలో కన్నుమూసింది.

పరిచారిక పోతే రాజమందిరాల్లో ఏమవుతుంది? ఇంకో పరిచారిక వస్తుంది. ఇక్కడ మాత్రం ఒక దుఃఖం కుదురుగా కూర్చోలేదు. ఇంకో రఫత్ ఇలా పోకూడదని నిలోఫర్ పట్టుబట్టింది, మామకు చెప్పింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో తల్లులకూ పిల్లలకూ ఆస్పత్రి లేచింది. 1953లో తలుపులు తెరిచింది. పెత్రమాస అంటే ఏమిటో ఆమెకు తెలిసి ఉండదు. చేసింది మాత్రం అదే. పేరు చెప్పింది, నీళ్లు విడిచింది. ఆ బోదె ఇప్పటికీ ఎండలేదు.

గేటు మీద ఉన్నది రాజకుమారి పేరు. ఆ గేటు దాటినప్పుడల్లా నా నోట్లోకి వచ్చేది రఫత్ పేరు.

కరుణాసముద్రా, నీ మహిమ చూడాలంటే ఏ గోపురం ఎక్కాలని తిరిగే మేము, పసికందుల వార్డులో రాత్రి రెండు గంటలకు ఒక్కసారి నిలబడితే చాలదా! అదిగో, సిస్టరమ్మ స్టెతస్కోపు బిళ్లను ముందు తన అరచేతిలో పెట్టుకుని వెచ్చబరుస్తోంది. చల్లని లోహం తగిలితే నిద్రలో ఉలిక్కిపడతాడని. కిలోన్నర లేని ప్రాణం వాడు. దారప్పోగంత నరం వెతికి, సూది నిలిపి, ఆ చెయ్యి కదలకుండా మందుల డబ్బా అట్టను ముక్కగా కత్తిరించి, దూది చుట్టి, వేలెడంత కట్టు కట్టింది. పక్క ఉయ్యాలలో కామెర్ల బిడ్డ నీలివెలుగులో ఈదులాడుతోంది, కళ్లకు గంతలు కట్టుకుని ఏదో లోకం ఆట ఆడుతున్నట్టు. ఇంకో పక్క ఉగ్గుగిన్నె. మా నాయనమ్మల నాటి ఉగ్గుగిన్నె! దాని ముక్కు నుంచి ఒక్కో బొట్టు, మింగిందాకా ఆగి మరో బొట్టు. చీకే బలం ఇంకా రాని పెదవి మీద ఆ బొట్టు ముత్యమై నిలుస్తుంది, ఒక్క క్షణం వణుకుతుంది, లోపలికి జారుతుంది. ఆ జారడం చూసి సిస్టరమ్మ ముఖంలో వచ్చే వెలుగుకు ఏ హారతి సరితూగుతుంది?

ఆ పాలు కొన్నిసార్లు కన్నతల్లివి కావు. 2017 నుంచి అక్కడ తల్లిపాల బ్యాంకు ఉంది. తన బిడ్డ తాగగా మిగిలిన పాలు ఒక తల్లి ఇస్తుంది, వాటిని 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి, ఎవరో ఊరూ పేరూ ఎరగని పసివాడికి పడతారు. ఏం కాలువలు తవ్వావయ్యా, ఏం తూములు పెట్టావు! ఒక ఎదలో పొంగి ఇంకో గొంతులో దిగే ఈ పారకానికి ఏ ఇంజనీరు గీశాడు పటం?

అమ్మ పోయిన తర్వాత వచ్చిన మొదటి పెత్రమాస నాడు అందరిలాగే మేమూ పెద్దలకు బియ్యమిచ్చాం. విస్తరిలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు. అయ్యగారు వెళ్లిపోయాక బాపు లోపలికి పోయి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. మా వెనక వాడలో పిల్ల నర్సింగు చదువుతోంది, సెలవుకు ఇంటికొచ్చింది. దాన్ని పిలిపించాడు. డబ్బాలో చేతిగడియారం. సెకన్ల ముల్లు ఎర్రగా ఉంది.

‘మీ పెద్దమ్మ పేరు మీద, బిడ్డా,’ అన్నాడు. అంతకుమించి మాట రాలేదు.

అమ్మకు గడియారం చూడటం రాదు. ఎండను బట్టీ, కాలువ చప్పుడును బట్టీ పొద్దు చెప్పేది. ఆస్పత్రిలో ఉన్న చివరి రాత్రుల్లో ఒక సిస్టరమ్మ వచ్చి అమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, తన గడియారం వంక చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా నిలబడేది. ఆమె వెళ్లాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, గుసగుసగా అడిగింది: ‘చెయ్యి పట్టుకుని ఆమె ఏం జపం చేస్తుందిరా?’

నాడి లెక్క అని నేను చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం కావస్తోంది. వాడంతా తంగేడు, గునుగు కుప్పలు. తాంబాళాల్లో ఎంగిలిపూల బతుకమ్మ పొర మీద పొర లేస్తోంది. పోయినవాళ్లను తలిచిన పగలే ఇలా పూలలోకి తెల్లారుతుంది మా దగ్గర. ఆ పిల్ల గడియారం చేతికి పెట్టుకుంది, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఉన్నట్టుండి, ‘ఒక్కసారి చెయ్యి ఇటియ్యి పెద్దబాపూ,’ అంది. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, నాగలి పట్టి కాయలు కాచిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది. ఎర్రముల్లు కదిలింది. పిల్ల పెదవులు కదిలాయి.

బాపు కళ్లు మూసుకున్నాడు.