కొత్త బండి, పాత తోవ

అల్వాల్‌లో ఒక తాత ఉండేవాడు. వేసవి సెలవుల్లో మనవరాలు ఫోన్‌లో ఇంగ్లండులోని బ్రైటన్ ఊరి బుల్లి రైలును చూసింది. 1883 నుంచీ సముద్రపు ఒడ్డునే నడుస్తున్న కరెంటు బండి అది. మనమూ సముద్రం పక్కన పాత బండి ఎక్కుదామని పట్టుబట్టింది. కొడుకు విశాఖకు నలుగురి టికెట్లు లెక్కగట్టి తల పట్టుకున్నాడు.

"పాత బండి, సముద్రం రెండూ నేను చూపిస్త. పులిహోర కట్టుండ్రి," అన్నాడు తాత.

తీరా అల్వాల్ స్టేషన్‌లో ఎక్కింది మేడ్చల్ పోయే ఎంఎంటీఎస్.

"ఇది రోజూ పోయే లోకలే గద నాయినా!" కొడుకు నవ్వాడు.

"పెట్టెలు కొత్తయి బిడ్డా, తోవ పాతది. నిజాం కాలంల, 1901 నాటికి ఈడికెళ్లి మన్మాడ్ దాంక మీటర్ గేజి బండి పోయేది. ఎంఎంటీఎస్ మేడ్చల్ మొఖం చూసింది 2023 ఏప్రిల్‌లనే."

బొల్లారం దాటాక ఎదురుగా ఒక ఆకుకూరలామె కూర్చుంది. పొద్దున్నే సరుకు అమ్ముకొని ఇంటికి పోతోంది. ఖాళీ గంప అల్లికలో ఒక కొత్తిమీర కాడ ఇరుక్కుపోయి ఉంది. పిల్ల దాన్ని లాగి వాసన చూసింది.

"మీరు రోజూ ఇండ్లనే పోతరా సారూ?" అని కొడుకును అడిగిందామె.

"లేదమ్మా, నాకు కారుంది."

"అందరికీ కార్లుంటే బండి ఎవరి కోసమొస్తది?"

కొడుకు కిటికీలోంచి గుండ్లపోచంపల్లి బోర్డు చదవడంలో పడ్డాడు. అంత శ్రద్ధగా ఆ బోర్డును అంతకుముందెవరూ చదివి ఉండరు.

మేడ్చల్‌లో దిగి, ఆటో మాట్లాడుకొని శామీర్‌పేట చెరువు కట్ట మీదికి చేరారు. మనవరాలు కళ్లు చికిలించి చూసింది.

"తాతా, అవతలి గట్టు కనబడుతోంది. సముద్రం కాదు."

"సముద్రానికి గూడ ఉంటది బిడ్డా. మన కండ్లకు ఆనదంతే."

పులిహోర అయిపోయింది. తిరుగు ప్రయాణానికి కొడుకు క్యాబ్ పిలవబోయి ఆగాడు. మేడ్చల్‌లో సాయంత్రం బండి ఎన్నింటికో ఫోన్‌లో వెతికాడు. దాంతోపాటు పొద్దున ఆఫీసు వేళ బండి కూడా చూశాడు. తాత గమనించాడు గానీ ఏమీ అనలేదు.

నీతి: పాత రైలు మీద ముచ్చట ఉంటే పండగపూట ఎక్కి ఫోటోలు దిగితే సరిపోదు, పనిదినాన ఎక్కాలి. వేల్స్‌లోని స్వాన్సీలో సముద్రం అంచున 1807లోనే డబ్బులు తీసుకొని జనాన్ని ఎక్కించుకున్న రైలు ఉండేది. అలాంటిది లోకంలో అదే మొదటిదంటారు. 1958లో ఒక బస్సు కంపెనీ దాన్ని కొని, 1960 జనవరిలో ఆపేసింది. ఒక పెట్టె ముందు భాగాన్ని మాత్రం మ్యూజియం వాళ్ల కోసం దాచారు. అందులో ఎక్కి ఎక్కడికీ పోలేం.